చప్పిడే కానీ చప్పన కాదు

మొదటి రోజు క్యారేజీ వచ్చినప్పుడు నా చూపు ముందు పడింది కూర మీద కాదు, పైగిన్నె మూతకు అంటించిన కాగితం ముక్క మీద. నీలం సిరాతో, గుండ్రటి అక్షరాలతో "సప్పిడి" అని రాసి ఉంది. ముప్పై ఒక్క ఏళ్లు పత్రికలో ప్రూఫులు దిద్దినవాణ్ని. చేయి దానంతట అదే పెన్ను కోసం జేబు తడిమింది. స కొట్టేసి చ వేయాలి. భోజనం చేసి లేచేసరికి ఆ కోరిక లేదు. నాలుగు నెలలుగా ఈ క్యారేజీ తింటున్నాను. గుంటూరులో ఉప్పు మానుకోవలసి వచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే వారికి పనికొస్తుందని ఇది రాస్తున్నాను. ఆ కాగితం మీది మాట గురించి కూడా చెప్పాలి. ఆ మాట అర్థం కాకపోతే ఈ భోజనం ఎంత మంచిదో చెప్పలేను.

ముందు నా సంగతి. మాఘమాసంలో ఒకరోజు పొద్దున్నే చెప్పులు పట్టలేదు. పాదాలు వాచాయి. పరీక్షలు చేస్తే రక్తపోటు ఎక్కువగా ఉందని, మూత్రపిండాల పని కొంత తగ్గిందని తేలింది. ఉప్పు రోజుకు మూడు గ్రాములు దాటకూడదని డాక్టరుగారు చెప్పారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐదు గ్రాముల లోపు అంటుంది. ఐదు గ్రాములంటే చిన్న చెంచాడు. మా ఇళ్లలో పప్పు, వేపుడు, చారు, ఒక అప్పడం, ఆవకాయ ముక్క, చివరికి మజ్జిగలో చిటికెడు, ఇవన్నీ కలిస్తే మధ్యాహ్నానికే ఆ చెంచా నిండి పొర్లుతుంది. బజారులో దొరికే తక్కువ సోడియం ఉప్పు వాడవచ్చా అని అడిగాను. అందులో సోడియానికి బదులు కొంత పొటాషియం క్లోరైడు కలుపుతారని, మూత్రపిండాలు బలహీనంగా ఉన్నవాళ్లకు అది మరింత ప్రమాదమని గట్టిగా చెప్పి ఆపారు.

ఆసుపత్రిలో ఉన్న ఐదు రోజులూ ఉప్పు లేని భోజనమే పెట్టారు. ఏ ఆసుపత్రో చెప్పను. ఉడికించిన సొరకాయ ముక్కలు, నీళ్ల పప్పు, పాలిపోయిన చారు. పోపు లేదు, పులుపు లేదు. ఉప్పు మానమన్నందుకు వంటే మానేశారు. మూడో రోజు నుంచి పళ్లెం చూడగానే కడుపులో తిప్పేది. నీరసం అంటే ఏమిటో అప్పుడు తెలిసింది. సంస్కృతంలో నీరసమంటే రసం లేనిది, రుచి లేనిది. మనం ఆ మాటను ఒంట్లో బలం లేకపోవడానికి వాడుకుంటున్నాం. రుచి లేని తిండికీ, లేవలేని ఒంటికీ ఒకటే మాట ఎందుకు సరిపోయిందో ఆ మంచం మీద పడుకుని ఎవరూ చెప్పకుండానే గ్రహించాను.

ఇంటికి వచ్చాక మా ఆవిడ రెండు నెలలు రెండు వంటలు చేసింది. నాకు ఒకటి, తనకు ఒకటి. ఆమెకు మోకాళ్ల నొప్పులు, పొయ్యి దగ్గర అంతసేపు నిలబడలేదు. కొన్నాళ్లకు తన వంట మానేసి నాకు వండిందే తనూ తినడం మొదలుపెట్టింది. నేను మింగలేక వదిలేసిన కూరను ఆమె మాట్లాడకుండా కలుపుకుని తింటుంటే చూడలేకపోయాను. అదే రోజు మందుల దుకాణంలో విన్నాను, బ్రాడీపేటలో ఒక ఇంటి నుంచి చప్పిడి క్యారేజీలు పంపుతున్నారని.

అది హోటలు కాదు. ఇద్దరు అక్కచెల్లెళ్లు తమ ఇంట్లోనే వండి పంపుతారు. మామూలు భోజనాలతో పాటు ఉప్పు లేనివి విడిగా, వేరే గిన్నెల్లో, వేరే గరిటెలతో వండుతారు. పూటకు 120 రూపాయలు. నాలుగు గిన్నెల స్టీలు క్యారేజీ, పన్నెండున్నరకల్లా గుమ్మం ముందు ఉంటుంది. పొద్దున తొమ్మిదిలోపు ఫోను చేస్తే ఆ రోజు వద్దని చెప్పవచ్చు, డబ్బు పట్టుకోరు. మొదటిసారి ఫోను చేసినప్పుడు పెద్దావిడ ధర చెప్పకముందే అడిగిన ప్రశ్న నాకు బాగా నచ్చింది: "ఉప్పు ఒక్కటే మానాలా, పొటాషియం కూడా తగ్గించమన్నారా బాబాయిగారూ? డాక్టరుగారి చీటీ ఒకసారి ఫోటో తీసి పంపండి."

ఆ మొదటి పూట బీరకాయ పప్పు, వంకాయ కొత్తిమీర కారం, నిమ్మకాయ చారు, పెరుగు. వంకాయ దగ్గర కాసేపు ఆగాలి. లేత నీలం వంకాయలు, తొడిమలు తీయకుండా నాలుగు పక్షాలుగా చీల్చినవి. కొత్తిమీర, అల్లం, పచ్చిమిరపకాయ, కొంచెం జీలకర్ర కచ్చాపచ్చాగా నూరి కూరినట్టున్నారు. నూనె పైకి తేలలేదు. మొదటి ముద్దలో నా నాలుక ఉప్పు కోసం వెతికింది. అలవాటైన చోట అలవాటైన మనిషి లేనట్టు అనిపించింది. రెండో ముద్దకు అల్లం ఘాటు తెలిసింది. ఆ వెనకే పులుపు. వంకాయలో చింతపండు లేదే అనుకుంటూ మళ్లీ చూశాను. పొయ్యి మీద నుంచి దించాక నిమ్మరసం పిండారు, ఉడకలేదు కాబట్టి ఆ వాసన అలాగే ఉంది. మూడో ముద్దకు వంకాయ తెలిసింది. అరవై నాలుగేళ్లుగా వంకాయ తింటున్నాను. దానికి తనదైన ఒక తీపి ఉందని ఆ రోజు తెలిసింది.

తిన్నది చప్పిడి. కానీ చప్పగా లేదు. చేయి కడుక్కుంటూ ఈ రెండు మాటలనూ పక్కపక్కన పెట్టి చూసుకున్నాను.

మనం రెండింటినీ ఒకటిగా వాడేస్తాం. కానీ వాటి రూపమే వేరు. తెలుగులో నాలుక ఇచ్చే తీర్పులు చాలావరకు ఒకే అచ్చులో పోసినట్టు ఉంటాయి: పుల్లన, తియ్యన, కమ్మన, ఉప్పన, చప్పన. ఒంటికి తగిలేవీ అంతే: చల్లన, వెచ్చన, మెత్తన. చప్పన ఆ వరుసలో నిలబడే మాట, తిన్నవాడి నాలుక మీద పుట్టే మాట. చప్పిడి అలా కాదు. ఒత్తిడి, రాపిడి, తాకిడి అన్నప్పుడు వినిపించే రూపం అది. ఒక స్థితికి పెట్టిన పేరు. తెలిసి, ఒక కారణం కోసం ఉప్పు మానితే అది చప్పిడి. తిన్నాక ఏమీ అనిపించకపోతే అది చప్పన. ఉప్పూ కారమూ దండిగా వేసి కూడా చప్పగా వండేవాళ్లున్నారు. ఆసుపత్రిలో నాకు పెట్టింది చప్పిడీ, చప్పనా రెండూ. ఈ అక్కచెల్లెళ్లు ఆ రెండు మాటలనూ విడదీశారు. ఈ భోజనం గురించి నేను చెప్పగల పెద్ద మాట అదే.

రెండింటికీ మూలం చప్ప అన్న చిన్న మాట. సంస్కృతం నుంచి తెచ్చుకున్నది కాదు. కన్నడంలో ఇదే సప్పె. తమిళులు రుచి లేనిదాన్ని సప్పెన్రు ఉందంటారు. బరో, ఎమెనో అనే ఇద్దరు పండితులు 1961లో వెలువరించిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువులో ఇవన్నీ ఒకే కుదురు మాటలుగా కనిపిస్తాయి. అంటే ఉప్పు తక్కువైందని చెప్పుకోవడానికి ఈ దక్షిణాది ఇళ్లన్నీ పంచుకున్న పాత మాట ఇది. నొక్కుకుపోయిన ముక్కును కూడా మనం చప్పిడి ముక్కు అంటాం. ముక్కుకైనా ముద్దకైనా ఒక ఎత్తు ఉండాలని, అది లేకపోతే చప్పిడి అని మనవాళ్ల లెక్క. ఉత్సాహం చప్పబడింది, సభ చప్పగా సాగింది అన్నప్పుడూ ఆ ఎత్తు తగ్గడమే.

ఇక కాగితం మీది స సంగతి. మన చకారం రెండు రకాలు. చిలుక, చెట్టు అన్నప్పుడు పలికేది తాలవ్యం. చలి, చుక్క, చోటు అన్నప్పుడు నాలుక పళ్ల దగ్గరికి వచ్చి పలికేది దంత్యం. పాత పుస్తకాల్లో ఆ దంత్యానికి గుర్తు పెట్టి ౘ అని అచ్చు వేసేవారు. చప్పిడిలో ఉన్నది ఆ దంత్య చకారమే. అచ్చులో గుర్తు పోయింది కానీ నోళ్లలో ఆ పలుకు ఉంది. ౘప్పిడి అన్న పలుకుకు సప్పిడి ఒక్క అడుగు దూరం. కన్నడ, తమిళాల్లో ఆ అడుగు వేసేశారు, మన పల్లెల్లో చాలామంది వేశారు. క్యారేజీ మీద రాసిన అమ్మాయి తన ఇంట్లో విన్నది విన్నట్టు రాసింది. పత్రికలో అయితే ఇప్పటికీ చ అనే దిద్దుతాను. గిన్నె మూత మీద దిద్దడానికి నాకు చేయి రాలేదు.

చప్పిడి అన్న మాటకు మన ఇళ్లలో ఒక మర్యాద ఉండేది. కామెర్లు వస్తే పసరు మందు పోసి చప్పిడి పథ్యం పెట్టేవారు. నా పదో ఏట నాకూ పెట్టారు. మా అమ్మమ్మ ఆదివారాలు సూర్యుడి నోము పట్టి ఉప్పు లేకుండా ఒక పూటే తినేది. ఆ రోజు ఆమె పళ్లెంలో పెసరపప్పు, నెయ్యి, మిరియాల పొడి ఉండేవి. ఆమె ఏనాడూ చప్పగా ఉందని అనలేదు. "ఇవాళ నాది చప్పిడి, నువ్వు ముట్టుకోకు, నీకు నచ్చదు" అనేది. దీపం పెట్టాక ఆమె ఉప్పును ఉప్పు అనేది కాదు, "ఆ రుచి ఇటు అందుకో" అనేది. ఉప్పుకే రుచి అని పేరు పెట్టిన ఇంట్లో వారానికి ఒకరోజు ఉప్పు మానడం ఎంత పెద్ద విషయమో ఇప్పుడు అర్థమవుతోంది.

ఇంకో బాధ కూడా ఉంది, అది నాలుకకు సంబంధించింది కాదు. మనకు ఉప్పు అంటే రోషం. "ఉప్పూ కారం తినడం లేదా?" అంటే "నీకు అభిమానం లేదా?" అని అడగడం. ఉప్పు తిన్న ఇంటికి ద్రోహం చేయకూడదంటాం. అందానికి లావణ్యం అని పేరు పెట్టుకున్నాం, ఆ మాట వచ్చింది లవణం నుంచే. అలాంటి ఉప్పును ఒక మనిషి పళ్లెంలోంచి తీసేస్తే పోయేది రుచి ఒక్కటే కాదు. మార్చి నెలలో ఒక పెళ్లికి వెళ్లాను. మిర్చి యార్డు వైపు నుంచి వచ్చే గాలికే తుమ్ములు వచ్చే కాలం. బంతిలో కూర్చుని ఊరగాయ వద్దు, అప్పడం వద్దు, పులుసు వద్దు అంటుంటే పక్కన కూర్చున్న బంధువు జాలిగా చూశాడు. ఆ చూపు నన్ను చాలా రోజులు వదల్లేదు. ఈ క్యారేజీ వచ్చాక నేను పళ్లెం ముందు మళ్లీ మామూలు మనిషిలా కూర్చుంటున్నాను. కూర బాగుంటే బాగుందని, బాగాలేకపోతే బాగాలేదని చెప్పగలుగుతున్నాను. రోగికి పెట్టిన తిండిని ఎవరూ మెచ్చరు, తిట్టరు. దీన్ని మెచ్చవచ్చు, తిట్టవచ్చు.

తిట్టవలసినవి కొన్ని ఉన్నాయి. కాకరకాయ వేపుడు వాళ్లకు చేతకాలేదు. ఇది చేతికి సంబంధించిన తప్పు మాత్రమే కాదు. ఉప్పు ఉప్పగా ఉండటంతో ఆగదు, చేదును అణచిపెడుతుంది కూడా. మామూలుగా కాకరకాయ ముక్కలకు ఉప్పు రాసి, గంట ఉంచి, పిండేస్తాం. ఆ పనీ లేక, వేపుడులో ఉప్పూ లేక చేదు విరుచుకుపడింది. వంకాయను ఆదుకున్న నిమ్మరసం దీన్ని ఆదుకోలేకపోయింది. పెద్దావిడకు చెప్పాను. తర్వాతి వారం మజ్జిగలో నానబెట్టి, శనగపిండి, వెల్లుల్లి వేసి పంపారు. మేలు, కానీ నేను ఇక కాకరకాయ వద్దన్నాను.

సాయంత్రం టిఫిన్లు నేను సిఫారసు చేయను. ఇడ్లీ ఫరవాలేదు, పిండి పులిసిన పులుపు దాన్ని నిలబెడుతుంది, అల్లం పచ్చడి తోడుంటుంది. ఉప్మా మాత్రం వద్దు. ఉప్పు అన్నది దాని పేరులోనే ఉంది. ఎంత జీడిపప్పు వేసినా ఎంత నెయ్యి వేసినా ఆ లోటు పూడదు. రాత్రికి ఇంట్లో చేసుకునే జొన్న రొట్టె నయం.

అన్నిటికన్నా పెద్ద తప్పు రెండో నెలలో జరిగింది. ఒక ఆదివారం క్యారేజీలు మారాయి. మూత మీద కాగితం ఊడిపోయి ఉంది, నేను గమనించలేదు. పప్పు కలిపి ముద్ద నోట్లో పెట్టుకోగానే నాలుక చురుక్కుమంది. చెడిపోయిందేమో అనుకుని రెండో ముద్ద చూశాను. అప్పుడు అర్థమైంది, అది ఉప్పు. మా ఆవిడ రుచి చూసి సరిగ్గానే ఉందంది. అందరికీ సరిపోయే ఉప్పు నాకు మంటగా తగిలింది. నాలుక కొత్త లెక్కకు అలవాటు పడటానికి కొన్ని వారాలు పడుతుందని డాక్టరుగారు చెబితే నేను నమ్మలేదు. ఆ ఆదివారం నమ్మాను. రెండు నెలలు ఇంటి వంటతో అవస్థపడ్డప్పుడు రాని మార్పు, తినాలనిపించే చప్పిడి దొరికాక వచ్చింది.

ఫోను చేస్తే పెద్దావిడ సాకులు చెప్పలేదు. నలభై నిమిషాల్లో తనే ఆటోలో వచ్చి వేరే క్యారేజీ ఇచ్చింది. "ఎన్ని ముద్దలు తిన్నారు బాబాయిగారూ?" అని రెండుసార్లు అడిగింది. రెండు అన్నాక ఊపిరి పీల్చుకుంది. నా క్యారేజీ ఎవరి ఇంటికి వెళ్లిందో వాళ్లకూ ఫోను చేసి క్షమాపణ చెప్పింది. మర్నాటి నుంచి ఉప్పు లేని క్యారేజీల పిడికి ఆకుపచ్చ దారం చుడుతున్నారు, కాగితంతో పాటు. మళ్లీ ఎప్పుడూ మారలేదు. అయినా కొత్తగా చేరేవాళ్లు దారం చూసుకునే మూత తీయాలి. ఉప్పుతో ప్రాణం మీదికి వచ్చేవాళ్లు ఉంటారు కాబట్టి ఇది చిన్న మాట కాదు.

బాగున్నవాటిలో చింతచిగురు పప్పును మించింది లేదు. వైశాఖంలో రెండు వారాలు వచ్చింది. పులుపు బాగా ఉన్నచోట నాలుక ఉప్పును అంతగా అడగదు, ఆ కిటుకు వీళ్లకు తెలుసు. లేత చిగురు నలిపి పప్పులో వేసి, ఎండుమిర్చి, వెల్లుల్లి, ఆవాలతో గట్టి పోపు పెట్టారు. వేడి అన్నంలో కలిపితే ఆ పులుపు బుగ్గల లోపలికి దిగింది. ఆ రోజు అన్నం గురించి కూడా ఒకటి తోచింది. మనం అన్నం వండేటప్పుడు ఉప్పు వేయం. అది ఎప్పుడూ చప్పిడే. అందువల్లనే పప్పును, పులుసును, పెరుగును అన్నిటినీ కలుపుకోగలుగుతోంది. నేను పుట్టిన నాటి నుంచి తింటున్న భోజనంలో సగం చప్పిడేనని అరవై నాలుగో ఏట తెలుసుకున్నాను.

పెరుగు మాత్రం జ్యేష్ఠంలో పుల్లగా వచ్చింది, ఎండలకు దారిలోనే పులిసింది. ఇప్పుడు శ్రావణం వచ్చాక బాగుంది. ఎండాకాలంలో పెరుగు ఇంట్లో తోడు పెట్టుకోవడం మేలు.

నిన్న చిన్నావిడ క్యారేజీ తీసుకుని తనే వచ్చింది, రోజూ తెచ్చే పిల్లాడికి జ్వరమట. నేను పత్రికలో పనిచేశానని ఎవరో చెప్పినట్టున్నారు. మూత చూపించి, "బాబాయిగారూ, ఈ కాగితాలు రాసేది నేనే. చప్పిడి అని రాయాలట కదా, తప్పు రాస్తున్నానా?" అని అడిగింది. తప్పేమీ లేదని, అలాగే రాయమని చెప్పాను. శ్రావణ శుక్రవారం కాబట్టి రేపు ఉప్పు లేని పులిహోర చేస్తున్నామని, నువ్వుల పొడి వేయమంటారా, ఆవపిండి వేయమంటారా అని అడిగింది. ఆవపిండి వేయమన్నాను. రెండు క్యారేజీలు పంపమన్నాను. మా ఆవిడ కూడా ఇప్పుడు ఇదే తింటోంది, ఈసారి నా కోసం కాదు.